‘బై ద టైమ్’ను తప్పు లేకుండా వాడటం ఎలా?

“మేం వెళ్ళేసరికి సినిమా మొదలైపోయింది.” తెలుగులో ఈ మాట అనడానికి ఎవరూ క్షణం కూడా ఆలోచించరు. అదే ఇంగ్లీషులో చెప్పమంటే చాలామంది “వెన్ వుయ్ గాట్ దేర్, ద మూవీ స్టార్టెడ్” అంటారు. వ్యాకరణం ప్రకారం ఈ వాక్యంలో తప్పేమీ లేదు. కానీ అర్థం మారిపోయింది. మీరు వెళ్ళారు, సరిగ్గా అప్పుడే సినిమా మొదలైంది, ఒక్క సీను కూడా పోలేదు అని వినేవాళ్ళకు అర్థమవుతుంది. మీరు చెప్పాలనుకున్నది ఆలస్యమైందని, మొదట్లో కొంత పోయిందని. ఆ బాధ మొత్తం వాక్యంలోంచి జారిపోయింది.

దాన్ని పట్టుకునేది ‘బై ద టైమ్’. “బై ద టైమ్ వుయ్ గాట్ దేర్, ద మూవీ హ్యాడ్ స్టార్టెడ్.” ఇప్పుడు ఏది ముందో ఏది వెనకో ఎవరికీ అనుమానం రాదు.

కొత్త కొత్త పెద్ద పదాలు బట్టీపట్టడం కన్నా ఇలాంటి ఒక్క పదబంధాన్ని పూర్తిగా సొంతం చేసుకోవడం వల్లే మాట్లాడే ఇంగ్లీషు త్వరగా మెరుగవుతుందని నేను గట్టిగా నమ్ముతాను. పైగా మనకు ఇందులో ఒక సౌకర్యం ఉంది. చేసేసరికి, వచ్చేసరికి, అయ్యేసరికి అంటూ రోజూ వాడే ‘సరికి’ దాదాపు ఇదే పని చేస్తుంది. కాబట్టి కొత్త ఆలోచన నేర్చుకోనక్కర్లేదు. ఉన్న ఆలోచనను ఇంగ్లీషు క్రియల్లో ఎలా పెట్టాలో తెలుసుకుంటే చాలు. ఇంగ్లీషు వాక్యాలన్నీ ఇక్కడ తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. ప్రతిదాన్నీ పైకి చదవండి, నోటికి అలవాటు పడాలి.

మొదటి అడుగు: ‘అప్పటికే’ పెట్టి చూడండి

‘సరికి’ కనబడిన ప్రతిచోటా ‘బై ద టైమ్’ పెట్టేస్తే దెబ్బతింటాం. ఎందుకంటే తెలుగులో ‘సరికి’ ఒక్క పనే చేయదు. ఈ మూడు వాక్యాలు చూడండి.

“నేను లేచేసరికి అందరూ వెళ్ళిపోయారు.”
“వాడు అలా అనేసరికి నాకు కోపం వచ్చింది.”
“డబ్బు విషయానికి వచ్చేసరికి అందరూ ఒకటే.”

మొదటిది కాలం గురించి. రెండోది కారణం గురించి: వాడు అన్నాడు కాబట్టి కోపం వచ్చింది. మూడోదానికి కాలంతో సంబంధమే లేదు, ‘ఆ సంగతి మాట్లాడితే’ అని అర్థం. మొదటిదానికి మాత్రమే ‘బై ద టైమ్’ సరిపోతుంది. రెండోదానికి “వెన్ హి సెడ్ దట్, ఐ గాట్ యాంగ్రీ” అనాలి. మూడోదానికి “వెన్ ఇట్ కమ్స్ టు మనీ, ఎవ్రీవన్ ఈజ్ ద సేమ్” అనాలి.

వీటిని విడదీయడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. వాక్యం రెండో సగంలో ‘అప్పటికే’ అన్న మాట పెట్టి చదవండి. “నేను లేచేసరికి అప్పటికే అందరూ వెళ్ళిపోయారు” అంటే చక్కగా కుదిరింది. “వాడు అలా అనేసరికి అప్పటికే నాకు కోపం వచ్చింది” అంటే చెవికే తేడా తెలుస్తుంది, మీరు చెప్పాలనుకున్నది అది కాదు. ‘అప్పటికే’ కుదిరితే ‘బై ద టైమ్’, కుదరకపోతే ‘వెన్’. మిగతా నియమాలన్నీ మరిచిపోయినా ఈ పరీక్షను మాత్రం వదలకండి.

రెండో అడుగు: గీత ఎక్కడ పడుతుందో చూడండి

‘బై ద టైమ్’ ఉన్న వాక్యంలో రెండు సంగతులు ఉంటాయి. ఒకటి కాలం మీద గీసిన గీత. రెండోది ఆ గీత దగ్గరికి వచ్చేసరికి పూర్తయిపోయింది, లేదా అప్పటికి నడుస్తూ ఉంది. ‘బై ద టైమ్’ పక్కన ఎప్పుడూ గీతే వస్తుంది. అంటే తర్వాత జరిగిందే దాని పక్కన కూర్చుంటుంది.

టైటానిక్ ఓడ 1912 ఏప్రిల్ 15 తెల్లవారుజామున 2 గంటల 20 నిమిషాలకు మునిగిపోయింది. సాయానికి బయల్దేరిన కార్పేథియా ఓడ సుమారు 4 గంటలకు అక్కడికి చేరింది. ఏది తర్వాత? కార్పేథియా రావడం. కాబట్టి గీత అదే. “బై ద టైమ్ ద కార్పేథియా అరైవ్డ్, ద టైటానిక్ హ్యాడ్ సంక్.”

ఇదే వాక్యాన్ని ‘వెన్’ పెట్టి, హ్యాడ్ తీసేసి చెప్పండి: “వెన్ ద కార్పేథియా అరైవ్డ్, ద టైటానిక్ శాంక్.” ఇప్పుడు సాయానికి వచ్చిన ఓడ కళ్ళెదుటే టైటానిక్ మునిగిపోయినట్టు అయింది. గంటా నలభై నిమిషాల తేడా, దాంతోపాటు ఆ రాత్రి జరిగిన కథ మొత్తం మారిపోయింది. ‘వెన్’ వాడినా “ద టైటానిక్ హ్యాడ్ ఆల్రెడీ సంక్” అంటే అర్థం నిలబడుతుంది. అంటే అసలు బరువు మోసేది హ్యాడ్. ‘బై ద టైమ్’ ఆ బరువు ఎక్కడుందో ముందే చూపిస్తుంది.

గీతను తారుమారు చేయడం తరచూ కనబడే పొరపాటు. “బై ద టైమ్ ద ట్రెయిన్ లెఫ్ట్, ఐ రీచ్డ్ ద స్టేషన్” అని రాసేవాళ్ళున్నారు. ‘నేను వెళ్ళేసరికి రైలు వెళ్ళిపోయింది’ అన్నది వాళ్ళ ఉద్దేశం. కానీ ఆ వాక్యం చదివితే రైలు కదిలేలోపే మీరు స్టేషనుకు చేరారన్న భావన వస్తుంది, రైలు దొరికినట్టే. రాసే ముందు ‘ఏది తర్వాత జరిగింది?’ అని మిమ్మల్ని మీరే అడగండి. వచ్చిన జవాబును ‘బై ద టైమ్’ పక్కన పెట్టండి: “బై ద టైమ్ ఐ రీచ్డ్ ద స్టేషన్, ద ట్రెయిన్ హ్యాడ్ లెఫ్ట్.”

మూడో అడుగు: జరిగిపోయిన సంగతి చెప్పడం

గతం గురించి చెప్పేటప్పుడు గీత పక్కన మామూలు సింపుల్ పాస్ట్ పెట్టండి: రీచ్డ్, కేమ్, అరైవ్డ్, వోక్ అప్. ముందే అయిపోయిన దానికి హ్యాడ్ పెట్టి, క్రియ మూడో రూపం, అంటే వీ త్రీ, వాడండి.

దక్షిణ ధ్రువం కథ దీనికి చక్కగా పనికొస్తుంది. కెప్టెన్ స్కాట్ బృందం 1912 జనవరి 17న అక్కడికి చేరింది. నార్వేకు చెందిన అముండ్సెన్ అంతకు నెల పైనే, 1911 డిసెంబరు 14న, చేరుకున్నాడు. “బై ద టైమ్ స్కాట్ రీచ్డ్ ద సౌత్ పోల్, అముండ్సెన్ హ్యాడ్ ఆల్రెడీ బీటెన్ హిమ్ టు ఇట్.” ఆల్రెడీ తప్పనిసరి కాదు. కానీ ‘అప్పటికే’ అన్న మన మాటలోని బలం దానిలో ఉంది కాబట్టి, ఆలస్యమైపోయిందన్న భావం వినబడాలంటే పెట్టండి.

వీ త్రీ దగ్గర జాగ్రత్త. హ్యాడ్ గుర్తొచ్చిన తర్వాత కూడా చాలామంది నాలుక రెండో రూపం మీదే ఆగిపోతుంది. ‘హ్యాడ్ వెంట్’ కాదు, హ్యాడ్ గాన్. ‘హ్యాడ్ కేమ్’ కాదు, హ్యాడ్ కమ్. ‘హ్యాడ్ ఏట్’ కాదు, హ్యాడ్ ఈటెన్. ‘హ్యాడ్ బిగాన్’ కాదు, హ్యాడ్ బిగన్. టైటానిక్ వాక్యంలో శాంక్ అనకుండా సంక్ అన్నది కూడా అందుకే. రోజూ వాడే పాతిక ముప్ఫై క్రియల మూడో రూపాలు నోటికి వస్తే చాలు, మిగతావి చాలావరకు ఈడీతోనే ముగుస్తాయి.

ఇక రెండువైపులా హ్యాడ్ పెట్టడం. నియమం కొత్తగా నేర్చుకున్నవాళ్ళు ఉత్సాహంలో “బై ద టైమ్ ఐ హ్యాడ్ రీచ్డ్, దే హ్యాడ్ లెఫ్ట్” అంటారు. చేరడం, రావడం, లేవడం లాంటి వాటికి గీత పక్కన హ్యాడ్ అక్కర్లేదు. అయితే ‘పూర్తి చేసేసరికి’ అన్న భావం వచ్చినప్పుడు మాత్రం అక్కడ కూడా హ్యాడ్ చక్కగా ఉంటుంది: “బై ద టైమ్ ఐ హ్యాడ్ ఫినిష్డ్ ద లెటర్, ఇట్ వాజ్ డార్క్.” ఫినిష్డ్ అని మాత్రమే అన్నా తప్పు లేదు.

ఇదే వాక్యంలో ఇంకొకటి గమనించండి. రెండో సగంలో హ్యాడ్ లేదు, వాజ్ ఉంది. ‘బై ద టైమ్ వస్తే హ్యాడ్ రావాల్సిందే’ అని కొందరు నేర్పుతారు. అది సగం నిజమే. జరిగిపోయిన పని చెబితే హ్యాడ్ కావాలి. కానీ గీత దగ్గర ఉన్న స్థితిని చెబితే వాజ్, వర్ సరిపోతాయి. “మేం బయటికి వచ్చేసరికి చీకటిగా ఉంది” అన్నది స్థితి: “బై ద టైమ్ వుయ్ కేమ్ అవుట్, ఇట్ వాజ్ డార్క్.” “నేను వెళ్ళేసరికి అతను గాఢ నిద్రలో ఉన్నాడు” అన్నదీ స్థితే: “బై ద టైమ్ ఐ గాట్ దేర్, హి వాజ్ ఫాస్ట్ అస్లీప్.” అదే “నిద్రపోయాడు” అంటే పని: “హి హ్యాడ్ ఫాలెన్ అస్లీప్.” చేతనైన పని గురించి చెప్పేటప్పుడు కుడ్ కూడా వస్తుంది: “బై ద టైమ్ షి వాజ్ ఫైవ్, షి కుడ్ రీడ్.” అయిదేళ్ళు వచ్చేసరికి ఆమెకు చదవడం వచ్చు.

తెలుగువాళ్ళకు నిజంగా కష్టమయ్యేది వీటన్నిటికన్నా ‘నుంచి’ ఉన్న వాక్యం. “నేను వెళ్ళేసరికి వాళ్ళు రెండు గంటల నుంచి ఎదురుచూస్తున్నారు.” మన చెవికి ‘ఎదురుచూస్తున్నారు’ వర్తమానంలా వినిపిస్తుంది. దాంతో “దే ఆర్ వెయిటింగ్ సిన్స్ టూ అవర్స్” అని వచ్చేస్తుంది. ఇందులో రెండు తప్పులు. గీత గతంలో ఉంది కాబట్టి ఆర్ చెల్లదు. రెండు గంటలు అనేది వ్యవధి కాబట్టి సిన్స్ చెల్లదు, ఫర్ కావాలి. సరైన వాక్యం ఇది: “బై ద టైమ్ ఐ గాట్ దేర్, దే హ్యాడ్ బీన్ వెయిటింగ్ ఫర్ టూ అవర్స్.” పని మొదలైన క్షణం చెబితే సిన్స్ వాడొచ్చు: “దే హ్యాడ్ బీన్ వెయిటింగ్ సిన్స్ ఫోర్ ఓ క్లాక్.”

1969లో చంద్రుడి మీద మొదట కాలుపెట్టింది ఆర్మ్‌స్ట్రాంగ్. దాదాపు 20 నిమిషాల తర్వాత ఆల్డ్రిన్ దిగాడు. “బై ద టైమ్ ఆల్డ్రిన్ స్టెప్డ్ అవుట్, ఆర్మ్‌స్ట్రాంగ్ హ్యాడ్ బీన్ ఆన్ ద మూన్స్ సర్ఫేస్ ఫర్ అబౌట్ ట్వెంటీ మినిట్స్.” వెయిటింగ్, వాకింగ్ లాంటి పనికి ఐఎన్‌జీ పెడతాం. ‘ఉండటం’ గురించి అయితే హ్యాడ్ బీన్ ఒక్కటే చాలు. జన్యుశాస్త్రానికి పునాది వేసిన మెండెల్ 1884లో చనిపోయాడు, ఆయన పరిశోధన విలువను శాస్త్రవేత్తలు గుర్తించింది 1900లో. “బై ద టైమ్ సైంటిస్ట్స్ రికగ్నైజ్డ్ హిజ్ వర్క్, మెండెల్ హ్యాడ్ బీన్ డెడ్ ఫర్ సిక్స్‌టీన్ ఇయర్స్.” తెలుగులో దీన్ని “ఆయన చనిపోయి అప్పటికే పదహారేళ్ళయింది” అంటాం. ‘చనిపోయి ఇన్నేళ్ళయింది’, ‘పెళ్ళయి ఇన్నేళ్ళయింది’ లాంటి మాటలన్నిటికీ ఈ హ్యాడ్ బీన్ అచ్చు పనికొస్తుంది: “దే హ్యాడ్ బీన్ మ్యారీడ్ ఫర్ టెన్ ఇయర్స్.”

తెలుగులో మనం కర్తను తరచూ మింగేస్తాం. “నేను వెళ్ళేసరికి మీటింగ్ క్యాన్సిల్ చేసేశారు” అంటాం, ఎవరు చేశారో చెప్పం. ఇంగ్లీషులో కర్త లేకుండా నడవదు. దే అనొచ్చు, లేదా మీటింగునే కర్త చేయొచ్చు: “బై ద టైమ్ ఐ గాట్ దేర్, ద మీటింగ్ హ్యాడ్ బీన్ క్యాన్సిల్డ్.” ఆఫీసు ఈమెయిళ్ళలో ఈ రెండో రకమే మర్యాదగా ఉంటుంది, ఎవరినీ వేలెత్తి చూపించినట్టు ఉండదు.

అమెరికన్ల మాటల్లో, సినిమాల్లో “బై ద టైమ్ ఐ గాట్ దేర్, దే ఆల్రెడీ లెఫ్ట్” లాంటి వాక్యాలు మీకు వినిపిస్తాయి. మాటల్లో అది చెల్లిపోతుంది. పరీక్షలోనూ, రాతలోనూ మాత్రం హ్యాడ్ లెఫ్ట్ అనే రాయండి. వేగంగా మాట్లాడేటప్పుడు హ్యాడ్ కుంచించుకుపోయి “దేడ్ లెఫ్ట్” అన్నట్టు వినిపిస్తుందని కూడా గుర్తుంచుకుంటే, వినేటప్పుడు హ్యాడ్ లేదనుకుని పొరబడరు.

నాలుగో అడుగు: జరగబోయేది చెప్పడం

ఇక్కడ ఒక్క తప్పు తప్పించుకుంటే దాదాపు పని అయిపోయినట్టే: ‘బై ద టైమ్’ పక్కన విల్ రాదు.

“నువ్వు వచ్చేసరికి నేను వెళ్ళిపోయి ఉంటాను” అన్నదాన్ని “బై ద టైమ్ యు విల్ కమ్” అని మొదలుపెట్టేవాళ్ళు చాలామంది. రాబోయే సంగతి కదా, విల్ ఉండాలి కదా అనిపిస్తుంది. కానీ తెలుగునే ఒకసారి పరిశీలించండి. “నువ్వు వచ్చేసరికి వంట అయిపోయింది.” “నువ్వు వచ్చేసరికి వంట అయిపోతుంది.” రెండింటిలోనూ ‘వచ్చేసరికి’ ఏమీ మారలేదు. కాలం అంతా చివరి క్రియే మోస్తోంది. ఇంగ్లీషు కూడా ఇక్కడ అదే చేస్తుంది. భవిష్యత్తు భారం రెండో సగానికి వదిలేసి, గీత పక్కన మామూలు ప్రెజెంట్ పెడుతుంది: “బై ద టైమ్ యు కమ్, ఐ విల్ హ్యావ్ లెఫ్ట్.”

రెండో సగంలో ‘అయిపోయి ఉంటుంది, చేసేసి ఉంటాను’ అన్న భావానికి విల్ హ్యావ్ తర్వాత వీ త్రీ. దీన్ని ఫ్యూచర్ పర్ఫెక్ట్ అంటారు, పేరు గుర్తులేకపోయినా పర్వాలేదు. “బై ద టైమ్ యు వేక్ అప్, వుయ్ విల్ హ్యావ్ రీచ్డ్ ద ఎయిర్‌పోర్ట్.” హేలీ తోకచుక్క చివరిసారి సూర్యుడి దగ్గరికి వచ్చింది 1986లో, మళ్ళీ వచ్చేది 2061లో. “బై ద టైమ్ హేలీస్ కామెట్ రిటర్న్స్, టుడేస్ చిల్డ్రన్ విల్ హ్యావ్ గ్రోన్ అప్.” రిటర్న్స్‌లోని చివరి ‘స్’ను వదిలేయకండి. విల్ తీసేశాక హి, షి, ఇట్‌లతో క్రియకు ఆ ‘స్’ తప్పనిసరి: “బై ద టైమ్ షి కమ్స్”, “బై ద టైమ్ ఇట్ స్టార్ట్స్”.

గతంలో వాజ్ ఎలా వచ్చిందో, ఇక్కడ స్థితికి విల్ బి అలాగే వస్తుంది. “నువ్వు ఈ మెసేజ్ చూసేసరికి నేను విమానంలో ఉంటాను”: “బై ద టైమ్ యు సీ దిస్ మెసేజ్, ఐ విల్ బి ఆన్ ద ప్లేన్.” ‘ఉంటాను’ ఒక్కటే ఉంటే విల్ బి, ‘వెళ్ళిపోయి ఉంటాను, చేసేసి ఉంటాను’ అంటే విల్ హ్యావ్. తెలుగు చెవితోనే తేల్చుకోవచ్చు.

వ్యవధి కలిస్తే విల్ హ్యావ్ బీన్. “బై ద టైమ్ హి రిటైర్స్, హి విల్ హ్యావ్ బీన్ టీచింగ్ ఫర్ థర్టీ ఇయర్స్.” నోరు తిరగడానికి కాస్త టైమ్ పడుతుంది, నెమ్మదిగా నాలుగైదుసార్లు పైకి అనండి.

ఎప్పుడూ జరిగేదైతే రెండువైపులా వర్తమానమే. “బై ద టైమ్ ఐ గెట్ హోమ్, ఎవ్రీవన్ ఈజ్ యూజువల్లీ అస్లీప్.” రోజూ ఇదే తంతు అని అర్థం. ముందే అయిపోయిన పని చెప్పాలంటే హ్యావ్ లేదా హ్యాజ్ పెడతాం. సూర్యుడి వెలుగు భూమికి చేరడానికి సుమారు 8 నిమిషాలు పడుతుంది: “బై ద టైమ్ సన్‌లైట్ రీచెస్ అస్, ఇట్ హ్యాజ్ బీన్ ట్రావెలింగ్ ఫర్ అబౌట్ ఎయిట్ మినిట్స్.”

అయిదో అడుగు: సరికి, కల్లా, దాకా కలిపేయకండి

‘బై ద టైమ్’ తర్వాత కర్త, క్రియ ఉన్న చిన్న వాక్యమే రావాలి. గంట, రోజు, తేదీ చెబితే ‘ద టైమ్’ తీసేసి బై ఒక్కటే ఉంచండి. “బై ద టైమ్ ఫైవ్ ఓ క్లాక్” అనరు, “బై ఫైవ్ ఓ క్లాక్” అంటారు. తెలుగులో ‘ఐదింటికల్లా’, ‘సోమవారంకల్లా’, ‘రేపటికి’ అన్నప్పుడల్లా ఈ బై పడుతుంది. “ఐదింటికల్లా వచ్చేయ్”: “కమ్ బై ఫైవ్.” అలాగే ‘అప్పటికి’కి “బై దెన్”, ‘ఈపాటికి’కి “బై నౌ”. “ఈపాటికి వాళ్ళు చేరుకుని ఉంటారు” అన్న మాటను “దే విల్ హ్యావ్ రీచ్డ్ బై నౌ” అని అచ్చంగా అలాగే చెప్పొచ్చు.

గీత పేరు నామవాచకం అయితే ఆఫ్ చేర్చి నడిపించొచ్చు: “బై ద టైమ్ ఆఫ్ ద వెడ్డింగ్”, పెళ్ళి నాటికి. కానీ “బై ద టైమ్ వెన్ ఐ కేమ్” అని మధ్యలో వెన్ ఇరికించకండి, దానికి అక్కడ చోటు లేదు.

అసలు చిక్కు దాకాతో వస్తుంది. బై, అన్‌టిల్ రెండూ గీత గురించే మాట్లాడతాయి కాబట్టి కలిసిపోతాయి. కానీ బై చెప్పేది గీతకు ముందే పని తెగిపోవాలని, అన్‌టిల్ చెప్పేది గీత దాకా పని సాగాలని. “సబ్మిట్ ద ఫామ్ బై ఫ్రైడే” అంటే శుక్రవారంకల్లా ఇచ్చేయాలి, బుధవారం ఇచ్చినా సరే. “ద ఆఫీస్ ఈజ్ ఓపెన్ అన్‌టిల్ ఫ్రైడే” అంటే శుక్రవారం దాకా తెరిచే ఉంటుంది. “సబ్మిట్ అన్‌టిల్ ఫ్రైడే” అంటే ఫారం ఇస్తూనే ఉండమన్నట్టు అవుతుంది. ఉద్యోగాల దరఖాస్తుల్లో, గడువులు చెప్పే ఈమెయిళ్ళలో ఈ తేడా తెలియకపోతే నిజంగానే నష్టం జరుగుతుంది.

‘బై ద టైమ్’కూ ఇదే వర్తిస్తుంది. “నువ్వు వచ్చేదాకా ఎదురుచూస్తాను” అంటే ఎదురుచూపు సాగుతుంది కాబట్టి “ఐ విల్ వెయిట్ అన్‌టిల్ యు కమ్.” ఇక్కడ బై ద టైమ్ పెడితే వాక్యం నిలబడదు. అన్‌టిల్ పక్కన కూడా విల్ రాదని గమనించే ఉంటారు.

ఆన్ టైమ్, ఇన్ టైమ్ ఈ కుటుంబంలోవి కావు. చెప్పిన టైముకే అంటే ఆన్ టైమ్, మించిపోకముందే అంటే ఇన్ టైమ్. ‘ఎట్ ద టైమ్’ అంటే ‘ఆ సమయంలో’ అని, దానిలో ‘అప్పటికే’ లేదు.

కామా సంగతి ఒక్క మాట. ‘బై ద టైమ్’ భాగం ముందు వస్తే అది ముగిసిన చోట కామా పెట్టండి. తర్వాత వస్తే అక్కర్లేదు: “ద ట్రెయిన్ హ్యాడ్ లెఫ్ట్ బై ద టైమ్ ఐ రీచ్డ్ ద స్టేషన్.” రెండు వరసలూ సరైనవే. మనకు ‘సరికి’ ముందు రావడం అలవాటు కాబట్టి మొదట్లో ముందు పెట్టడమే తేలిక.

ఇప్పుడు మీరు రాయండి

కింది వాక్యాలను జవాబులు చూడకుండా కాగితం మీద ఇంగ్లీషులో రాయండి. ప్రతిదానికీ ముందు ‘అప్పటికే’ పరీక్ష, తర్వాత గీత, ఆ తర్వాతే క్రియ.

“డాక్టర్ వచ్చేసరికి జ్వరం తగ్గిపోయింది.”
“ఆమె ఒక్కసారిగా అరిచేసరికి పిల్లాడు ఏడుపు మొదలుపెట్టాడు.”
“వాన ఆగేదాకా ఇక్కడే ఉందాం.”
“సినిమా అయిపోయేసరికి ఆఖరి బస్సు వెళ్ళిపోయి ఉంటుంది.”
“రిజల్ట్స్ వచ్చేసరికి అతను ఆరు నెలలుగా ఉద్యోగం చేస్తున్నాడు.”
“మీటింగ్ మొదలయ్యేసరికి అతను ఇంకా రాలేదు.”

మొదటిది గతం, పూర్తయిన పని: “బై ద టైమ్ ద డాక్టర్ కేమ్, ద ఫీవర్ హ్యాడ్ గాన్ డౌన్.” రెండోదానిలో ‘అప్పటికే’ కుదరదు, అరుపే ఏడుపుకు కారణం: “వెన్ షి సడన్లీ షౌటెడ్, ద చైల్డ్ స్టార్టెడ్ క్రయింగ్.” మూడోది దాకా: “లెట్స్ స్టే హియర్ అన్‌టిల్ ద రెయిన్ స్టాప్స్.” నాలుగోది జరగబోయేది, గీత పక్కన విల్ లేకుండా, ‘స్’ మరవకుండా: “బై ద టైమ్ ద మూవీ ఎండ్స్, ద లాస్ట్ బస్ విల్ హ్యావ్ లెఫ్ట్.” అయిదోదానిలో ‘చేస్తున్నాడు’ను చూసి ఈజ్ వర్కింగ్ అనకూడదు, ఆరు నెలలకు ఫర్ కావాలి: “బై ద టైమ్ ద రిజల్ట్స్ కేమ్, హి హ్యాడ్ బీన్ వర్కింగ్ ఫర్ సిక్స్ మంత్స్.”

ఆరోది కావాలనే చివర పెట్టాను. జరగని పని గురించి చెబుతోంది కాబట్టి ‘అప్పటికే’ బదులు ‘అప్పటికి ఇంకా’ అని చదవాలి. ఇంగ్లీషులో ఆల్రెడీ పోయి స్టిల్ వస్తుంది: “బై ద టైమ్ ద మీటింగ్ స్టార్టెడ్, హి స్టిల్ హ్యాడ్ నాట్ కమ్.” మాటల్లో “హి స్టిల్ హ్యాడెంట్ కమ్” అనండి. దీనిలో డిడ్ నాట్ కమ్ పెడితే అతను ఆ రోజు అసలు రాలేదని అనుకుంటారు. హ్యాడ్ నాట్ కమ్ అంటే మీటింగ్ మొదలయ్యే వేళకి రాలేదని మాత్రమే, ఆ తర్వాత వచ్చి ఉండొచ్చు.